తలంబ్రాల పొట్లం: విదేశీ ప్రయాణంలో పొరపాట్లపై ఒక సంవాదం

విదేశీ ప్రయాణంలో జరిగే పొరపాట్లు రెండు రకాలు. మర్యాద తెలియక చేసేవి కొన్ని, చట్టం తెలియక చేసేవి కొన్ని. మొదటి రకానికి ఫలితం నగుబాటు. రెండో రకానికి జరిమానా, ఒక్కోసారి జైలు, లేదంటే దిగిన విమానాశ్రయం నుంచే వెనక్కి రావడం. చెప్పుకునేటప్పుడు ఇవి వేరువేరుగానే కనిపిస్తాయి. ప్రయాణం చేసే మనిషి దగ్గరకు వచ్చేసరికి ఒకదానికొకటి ముడిపడతాయి. నలుగురిలో నవ్వులపాలవుతామన్న భయంతోనే చాలామంది అర్థంకాని ప్రశ్నకు తల ఊపుతారు, సంచిలో ఉన్నదాన్ని లేదంటారు. నగుబాటు తప్పించుకోబోయి నేరంలో పడతారు.

భద్రాచలం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి 300 కిలోమీటర్ల పైమాటే. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు. కాన్పుకనో, గృహప్రవేశానికనో తల్లిదండ్రులు బయల్దేరతారు. అంతకుముందు విమానం ఎక్కి ఎరగనివాళ్లే వారిలో ఎక్కువ. వాళ్లను ఎలా తయారుచేసి పంపాలన్న దానిపై రెండు అభిప్రాయాలున్నాయి. ఈ సంవాదంలో వాటిని రెండు కల్పిత పాత్రల నోట ఉంచడమైంది. ఒకరు భద్రాచలంలో టికెట్లు, వీసా పనులు చూసే ట్రావెల్స్ ఏజెంటు. రెండోవారు చిన్నప్పుడు అతనికి పాఠం చెప్పిన టీచరమ్మ. రిటైరయ్యాక ఆమె రెండుసార్లు అమెరికాలో కూతురి దగ్గర ఉండి వచ్చారు.

ఏజెంటు: టీచర్ గారూ, నా దగ్గర టికెట్ తీసుకున్న పెద్దవాళ్లందరికీ ఒక కాగితం ఇస్తాను. ఏం తీసుకెళ్లకూడదు, ఏం అనకూడదు, ఏం చెయ్యకూడదు, అన్నీ అందులో ఉంటాయి. దాన్ని కంఠతా పట్టేస్తే ఏ పొరపాటూ జరగదు.

టీచరమ్మ: ఏముంది నాయనా ఆ కాగితంలో? చదువు, విందాం.

ఏజెంటు: ముందు వంటింటి సామానే. గల్ఫ్‌కి వెళ్లేవాళ్లు గసగసాలు ముట్టుకోకూడదు. దుబాయ్‌లో అది మత్తుపదార్థాల కిందకు వస్తుంది. మాంసం మసాలాలో నూరి కలిపినా అంతే. సింగపూర్‌లోనూ గసగసాలు కుదరవు. అక్కడికి చూయింగ్ గమ్ తీసుకెళ్లడం కూడా 1992 నుంచి నిషేధం. అమెరికాకి పచ్చి కరివేపాకు పనికిరాదు. న్యూజిలాండ్‌కి తేనె పనికిరాదు, మన అడవి తేనె ఎంత మంచిదైనా సరే. ఎండుకొబ్బరి, కర్పూరం చెక్-ఇన్ పెట్టెలో పెడితే శంషాబాద్‌లోనే తీయించేస్తారు. పచ్చడి సీసా చేతిసంచిలో పెట్టకూడదు.

ఈ పట్టికలోని ప్రతి నిషేధం వెనకా ఒక కారణం ఉంది. కారణం తెలిసినవాళ్లకు నియమం గుర్తుంటుంది. గసగసాలు, నల్లమందు ఒకే మొక్క నుంచి వస్తాయి. మన ఇళ్లలో అది కూర చిక్కబడడానికి వేసే దినుసు, గల్ఫ్ దేశాల చట్టానికి మాత్రం నల్లమందు మొక్క గింజ. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ కాబట్టి తనంత తానే వేడెక్కి అంటుకునే సరుకుగా విమానయాన నియమాలు దాన్ని లెక్కగడతాయి. గుళ్లో కొట్టిన కొబ్బరిచెక్కను ఎండబెట్టి ప్రసాదంగా పెట్టెలో సర్దుకున్నా తేడా లేదు. కరివేపాకు సంగతి ఇంకా పెద్దది. అది నారింజ, నిమ్మ కుటుంబానికి చెందిన చెట్టు. నిమ్మజాతి తోటలను ఎండగొట్టే తెగులును మోసే చిన్న పురుగు కరివేపాకు మీదా బతుకుతుంది. ఆ తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడింది. నారింజకు పేరుపడ్డ ఆ రాష్ట్రంలో తోటలకు తోటలే నాశనమయ్యాయి. ఒక తల్లి తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్లే రెండు రెబ్బలను అధికారి చెత్తబుట్టలో వేస్తున్నాడంటే అతని ఎదుట ఆ తోటలున్నాయి.

టీచరమ్మ: బాగానే రాశావు. మరి తలంబ్రాలు రాశావా?

ఏజెంటు: తలంబ్రాలా? అవి దేవుడివి కదండీ.

టీచరమ్మ: దేవుడివే. కానీ బియ్యమే కదా.

భద్రాచలం నుంచి బయల్దేరే పెట్టెల్లో తప్పకుండా కనిపించేది ఈ పొట్లమే. శ్రీరామనవమి కల్యాణంలో సీతారాముల శిరస్సుల మీద పోసిన బియ్యపు గింజలు. పసుపుతో పాటు గులాలు కూడా కలుపుతారు కాబట్టి ఇక్కడి తలంబ్రాలు ఎర్రగా ఉంటాయి. కొందరు భక్తులు వడ్లను రోకలి తగలకుండా గోటితో ఒక్కొక్కటిగా వలిచి స్వామికి పంపుతారు. కల్యాణానికి రాలేనివాళ్లకు ఆర్టీసీ కార్గో ఇంటికే చేరుస్తుంది. అరచేతిలో పట్టేంత పొట్లం, దానిమీద రాముడి బొమ్మ. పెళ్లి కావలసిన పిల్ల అమెరికాలో ఉంటే ఆ పొట్లం లేకుండా ఏ తల్లీ విమానం ఎక్కదు.

అయితే ధాన్యాన్ని తినేసే ఖాప్రా అనే పురుగున్న దేశాల నుంచి ప్రయాణికులు బియ్యం తీసుకురావడాన్ని అమెరికా 2011లో నిషేధించింది. ఆ దేశాల్లో భారత్ ఒకటి. ఈ పురుగు పిల్లదశలో తిండి లేకుండా చాలాకాలం బతకగలదు, గోదాముల పగుళ్లలో దాక్కుంటే ఒక పట్టాన పోదు. నిషేధం పావుకిలోకైనా పిడికెడుకైనా ఒకటే. అధికారికి కనిపించేది గింజ, తల్లికి కనిపించేది అక్షింత. ఎవరి చూపులోనూ తప్పులేదు.

ఏజెంటు: సరేనండీ, తలంబ్రాలు కూడా రాసేస్తాను.

టీచరమ్మ: రేపు ఇంకొకావిడ పర్ణశాల నుంచి మట్టి తీసుకెళ్తుంది. ఇంకొకరు ఇప్పపువ్వు తీసుకెళ్తారు. ఎన్నని రాస్తావు? నీ కాగితంలో లేనిది ఎదురైనప్పుడు వాళ్లేం చెయ్యాలి? అది రాశావా?

ఏజెంటు: అన్నీ రాయలేననే కదా కంఠతా పట్టిస్తున్నది. ఇంగ్లిష్ రానివాళ్లు అక్కడ నిలబడి ఆలోచిస్తే పని చెడుతుంది. అందుకే జవాబులు నేర్పిస్తాను. ఎందుకొచ్చారంటే చూడ్డానికి అనాలి, ఎన్నాళ్లంటే ఆరు నెలలు అనాలి, సంచిలో ఏముందంటే బట్టలు అనాలి. మిగతావాటికి నోరు విప్పకూడదు.

టీచరమ్మ: అక్కడే నాకు నచ్చట్లేదు. బట్టలే అని నువ్వు నేర్పించావు. లోపల ఆవకాయ ఉంది, కందిపొడి ఉంది, తలంబ్రాలున్నాయి. నోటితో అన్నది ఒకటి, పెట్టెలో దొరికింది ఒకటి. ఇప్పుడది తెలియక చేసిన పొరపాటా, అబద్ధమా?

ఇద్దరి మధ్య అసలు భేదం ఇది. ఏజెంటు దృష్టిలో ప్రయాణికుడికి కావలసింది సమాచారం. అది తక్కువైనచోట మౌనం కాపాడుతుంది. టీచరమ్మ దృష్టిలో ఆ మౌనమే ప్రమాదం. అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మూడింటిలోనూ తినే వస్తువు పెట్టెలో ఉండడం నేరం కాదు, ఉన్నా చెప్పకపోవడం నేరం. న్యూజిలాండ్‌లో చెప్పకుండా తెచ్చిన ఒక్క పండు దొరికినా అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా పడుతుంది, అది వాళ్ల డాలర్లలో. విమానంలో పెట్టిన యాపిల్‌ను తర్వాత తిందామని చేతిసంచిలో వేసుకుని మరిచిపోయినవాళ్లకూ మినహాయింపు లేదు.

నేర్పిన జవాబుతో ఇంకో చిక్కుంది. ప్రశ్న కొంచెం మారినా జవాబు తలకిందులవుతుంది. విజిటర్ వీసా మీద అమెరికాలో పనిచేయడం కుదరదు. పిల్లల్ని ఆడించే ఆయా పని కూడా పనే. "మనవడిని చూడ్డానికి వచ్చాను" అనబోయి, "మనవడిని చూసుకోవడానికి వచ్చాను" అనే అర్థం వచ్చేలా ఇంగ్లిష్‌లో అంటే, అధికారి జీతమెంత అని అడిగే అవకాశం ఉంది. తెలుగులో "చూడ్డం", "చూసుకోవడం" మధ్య ఉన్న దూరం చిన్నదే, ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర అదే పెద్దదవుతుంది. అర్థం కాలేదని చెప్పి, తెలుగు తెలిసిన దుబాసీ కావాలని అడగడం ఇంతకన్నా చాలా మేలు. అడగడంలో చిన్నతనం ఏమీ లేదు.

ఏజెంటు: టీచర్ గారూ, మీరు చదువుకున్నవాళ్లు కాబట్టి అడగగలరు. అందరికీ ఆ ధైర్యం ఎక్కడిది? పైగా ఒక్కరు తప్పు చేస్తే పేరు మనందరికీ పోతుంది. 2019 జూలైలో బాలిలో ఒక హోటల్ సామాను మనవాళ్ల పెట్టెల్లో దొరికిన వీడియో దేశమంతా చూసింది. అదే నెలలో స్విట్జర్లాండ్‌లో ఒక హోటల్, భారతదేశం నుంచి వచ్చే అతిథులు టిఫిన్ బల్ల మీది పదార్థాలు పట్టుకెళ్లొద్దని ప్రత్యేకంగా కాగితం అంటించింది. తల కొట్టేసినట్టయింది.

టీచరమ్మ: బాలిది పొరపాటు కాదు బాబూ. తెలిసి తీసుకున్నదాన్ని దొంగతనం అంటాం. దాన్నీ, షవర్ తిప్పడం తెలియక తడిసిపోయిన ముసలాయననీ ఒకే గాటన కట్టకు. సిగ్గుపడవలసింది మొదటిదానికే. రెండోదానికి కూడా సిగ్గుపడమని నేర్పుతున్నావు కాబట్టే మనవాళ్లు నోరు విప్పడం లేదు.

ఏజెంటు: అంటే తెలియక చేసే పొరపాటుకి సిగ్గే అక్కర్లేదంటారా?

టీచరమ్మ: పొరపాటు చెయ్యకుండా పరాయి దేశం చూసినవాళ్లు ఎవరున్నారో చెప్పు. ఈ ఊళ్లో కూర్చుని అడుగుతున్నావు కదా, హనుమంతుడి సంగతే తీసుకో.

వాల్మీకి సుందరకాండలో ఈ ఘట్టం ఉంది. లంకలో రాత్రంతా వెతికిన హనుమంతుడు రావణుడి అంతఃపురంలో వేరే శయ్య మీద నిద్రిస్తున్న మండోదరిని చూసి సీతే అనుకుంటాడు. భుజాలు చరుచుకుంటాడు, తోకను ముద్దాడతాడు, స్తంభాలెక్కి దూకుతాడు. కాసేపటికే అనుమానం కలుగుతుంది. రాముడికి దూరమైన సీత ఇలా అలంకరించుకుని హాయిగా నిద్రపోతుందా అని తనను తానే ప్రశ్నించుకుని, కాదని తేల్చుకుని, మళ్లీ వెతకడం మొదలుపెడతాడు. తర్వాత అశోకవనంలో అసలు సీత కనిపించినప్పుడు తొందరపడడు. ఏ భాషలో పలకరించాలన్నదే ముందు ఆలోచిస్తాడు. పండితుడిలా సంస్కృతంలో మాట్లాడితే రావణుడే వేషం మార్చుకుని వచ్చాడని ఆమె భయపడవచ్చు. అందుకని మామూలు మనుషుల మాటలో, మెల్లగా, రాముడి కథతో మొదలుపెడతాడు. పరాయి దేశంలో పొరబడినవాడు దిద్దుకోవలసిన తీరు, కొత్తవాళ్లతో మాట కలపవలసిన తీరు రెండూ ఇందులో ఉన్నాయి. రాముడి ఊరి నుంచి బయల్దేరేవాళ్లకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఏజెంటు: హనుమంతుడికి చెల్లిందండీ. మామూలు మనుషులకి చెల్లుతుందా?

టీచరమ్మ: గాంధీగారికి చెల్లలేదా?

1888 సెప్టెంబరు చివర్లో, 19 ఏళ్లు నిండడానికి కొద్దిరోజుల ముందు, గాంధీ ఇంగ్లండులో ఓడ దిగారు. దిగేటప్పుడు బాగుంటుందని తెల్ల ఫ్లానెల్ దుస్తులు వేసుకున్నారు. రేవులో తెల్లబట్టల్లో ఉన్నది ఆయన ఒక్కరే. మర్నాడు ఆదివారం కావడంతో సామాను చేతికి రాలేదు, ఆ బట్టలతోనే ఉండవలసివచ్చింది. హోటల్‌కు చూడ్డానికి వచ్చిన డాక్టర్ ప్రాణ్‌జీవన్ మెహతా టోపీని ముచ్చటపడి చేతిలోకి తీసుకుని, నూగు ఎదురు తిరిగేలా నిమిరారు. మెహతా కాస్త కోపంగానే వారించి, అక్కడి మర్యాదలు చెప్పారు. ఇతరుల వస్తువులు ముట్టుకోకూడదు, తొలి పరిచయంలోనే సొంత సంగతులు అడగకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. గాంధీ ఇవన్నీ దాచకుండా ఆత్మకథలో రాసుకున్నారు. ఆ మూడు మాటలూ ఇప్పటికీ పాతబడలేదు.

ఏజెంటు: చూశారా, మెహతాగారు ఇచ్చింది కూడా కాగితం లాంటిదే కదా! ముందే ఇచ్చి ఉంటే టోపీ పాడయ్యేది కాదు.

టీచరమ్మ: టోపీ నిమరకూడదని ముందే ఎవరు ఊహిస్తారు? ఆయన నిమిరితేనే ఈయనకి చెప్పాలని తోచింది. అయినా ఇదంతా అనుభవం లేని కుర్రవాడి సంగతి. దేశాధ్యక్షుడికి చెప్పేవాళ్లు వందమంది ఉంటారు కదా. 1992 జనవరిలో అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ ఆస్ట్రేలియా వెళ్లి, కాన్‌బెర్రాలో కారులోంచి జనానికి రెండు వేళ్లు చూపించాడు. విజయానికి గుర్తనుకుని అరచెయ్యి తనవైపు తిప్పుకున్నాడు. అలా తిప్పితే ఆ దేశంలో అది బూతు.

ఏజెంటు వాదనలో కొట్టిపారేయలేని భాగం ఇక్కడే మొదలవుతుంది. కాన్‌బెర్రాలో అది నగుబాటుతోనే పోయింది. అన్ని దేశాల్లోనూ అలా జరగదు. థాయిలాండ్‌లో రాజును అవమానించడం శిక్షాస్మృతి 112వ సెక్షన్ కింద నేరం, ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ల జైలు. దుబాయ్‌కి ట్రామడాల్ లాంటి నొప్పిమాత్రలు ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లి పట్టుబడితే, మా ఊరి డాక్టర్ రాశారన్న మాట సరిపోదు. ఇలాంటిచోట క్షమాపణ పనిచేయదు. ముందు తెలుసుకుని వెళ్లడమొక్కటే దారి. 2013లో ఈజిప్టులోని లక్సర్ ఆలయ శిల్పం మీద ఒక చైనా కుర్రవాడు తన పేరు చెక్కాడు. తల్లిదండ్రులు బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నారు. అదే ఏడాది చైనా పర్యాటక శాఖ తన ప్రయాణికుల కోసం 64 పేజీల మర్యాదల పుస్తకం అచ్చువేసింది. చట్టానికి సంబంధించినంతవరకు ఏజెంటు కాగితం ఉండి తీరాలి.

టీచరమ్మ: చట్టం మాట ఒప్పుకుంటాను. కానీ మనవాళ్లు ఎక్కువగా ఇబ్బందిపడేది కూతురింట్లోనే నాయనా. అది నీ కాగితంలో ఎక్కడుంది?

ఆ ఇళ్లలో జరిగే పొరపాట్లు తెలుగువాళ్లకు బాగా తెలిసినవే, బయటికి చెప్పుకునేవి మాత్రం తక్కువ. అమెరికా ఇళ్ల స్నానాలగదుల్లో నీళ్లు పోయే తూము సాధారణంగా తొట్టిలోనే ఉంటుంది, నేల మీద ఉండదు. అలవాటుగా చెంబుతో నేల మీద నీళ్లు పోసి కడిగితే, ఆ నీరు చెక్కనేలలోకి దిగి కింది వాటా కప్పు నుంచి కారుతుంది. ఎండుమిరపకాయల తాలింపు ఘాటెక్కితే, హారతి కర్పూరం నల్లగా పొగలేస్తే పొగగంట మోగుతుంది. కొన్ని అపార్ట్‌మెంట్లలో భవనమంతా మెట్లు దిగి బయటికి రావలసి వస్తుంది. ఆవాలు చిటపటలాడే ఆ ఒక్క నిమిషంలో పొయ్యిమీది ఫ్యాన్ వేయాలని ఎవరో ఒకరు చెప్పి ఉంటే చాలు. పార్కులో ముద్దుగా ఉన్న పరాయి పిల్ల బుగ్గ గిల్లడం మనకు ఆప్యాయత, ఆ పిల్ల తల్లికి భయం. జీతమెంత, పిల్లలెందుకు లేరు అన్న పలకరింపులూ అంతే.

ఫోనుది ఇంకో రకం. భారతదేశపు నంబరు 91తో మొదలవుతుంది, అమెరికాలో పోలీసు, అగ్నిమాపక సహాయానికి 911. ఊళ్లో చెల్లెలికి చేయబోయి వేలు తొట్రుపడితే కాల్ అటు వెళ్తుంది. అవతలి గొంతు వినగానే భయంతో పెట్టేస్తారు. పెట్టేయడమే అసలు పొరపాటు. ఎవరో ఆపదలో ఉండి మాట్లాడలేకపోతున్నారేమోనని వాళ్లు తిరిగి ఫోన్ చేస్తారు, ఇంటికి పోలీసును పంపినా పంపుతారు. లైను మీదే ఉండి, పొరపాటున కలిసిందని చెబితే అక్కడితో అయిపోతుంది. టీచరమ్మ వాదనకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు.

ఏజెంటు: ఇవన్నీ వినడానికి బాగానే ఉంటాయి టీచర్ గారూ. కానీ కొత్తచోట తప్పు ఒప్పుకుంటే చులకనైపోతామని మనవాళ్ల భయం. అది ఎలా పోగొడతారు?

టీచరమ్మ: మనూరికి వచ్చేవాళ్లని చూపించి. మనం వాళ్లని చులకన చేస్తున్నామా?

భద్రాచలం ఏడాది పొడుగునా కొత్తవాళ్లను చూసే ఊరు. పట్నం దాటగానే ఆంధ్రప్రదేశ్ ఏటపాక మండలం, ఇంకాస్త అడవిలోకి పోతే ఛత్తీస్‌గఢ్. రాష్ట్రం మారినట్టు తెలియక దారి అడిగేవాళ్లు రోజూ ఉంటారు. కోయగూడేనికి వెళ్లి అడక్కుండా ఇంట్లోకి తొంగిచూసేవాళ్లు, కొమ్ముకోయ నృత్యానికి సిద్ధమైన పెద్దాయన తలపాగా కొమ్ములు పట్టుకుని సెల్ఫీ దిగేవాళ్లు కూడా ఉంటారు. ఆ కొమ్ములు తరతరాలుగా ఒక కుటుంబం కాపాడుకుంటూ వస్తున్నవి కావచ్చు. అలా పట్టుకున్నవాడు "తెలియదు పెద్దాయనా, ఏమనుకోకు" అని చెయ్యి తీసేస్తే, గూడెంలో అతనికి మంచం వాల్చి మంచినీళ్లిస్తారు. నవ్వి, ఫోటో తీసుకుని వెళ్లిపోయినవాణ్ని మాత్రం చాలాకాలం గుర్తుపెట్టుకుంటారు. ఇక్కడ ఇంటివాళ్లుగా ఇది తెలిసినవాళ్లే అక్కడ అతిథులయ్యేసరికి మరిచిపోతున్నారు.

ఏజెంటు: సరే, మీ మాటే కానీయండి. కాగితం తీసెయ్యమంటారా?

టీచరమ్మ: తీసెయ్యొద్దు. చట్టం గురించి రాసినవన్నీ ఉంచు. "బట్టలే అని చెప్పండి" అన్న లైను కొట్టెయ్యి. దాని స్థానంలో మూడు మాటలు ఇంగ్లిష్‌లో, తెలుగు అక్షరాలతో పెద్దగా రాసివ్వు: నాకు అర్థం కాలేదు, నా దగ్గర తినే వస్తువులున్నాయి, నావల్ల పొరపాటు జరిగింది. అమెరికా వెళ్లినా, ఆస్ట్రేలియా వెళ్లినా ఈ మూడూ వచ్చి ఉండాలి.

ఏజెంటు: మరి తలంబ్రాలు?

టీచరమ్మ: ఇక్కడే ఇంట్లో దేవుడి దగ్గర ఉంచుకోమను. పిల్ల వచ్చినప్పుడు తలమీద వేసుకుంటుంది. అప్పటికే పెట్టెలో సర్దేసుకుంటే ఆఫీసరుకి తీసి చూపించమను.

ఈ వివాదంలో తీర్పు టీచరమ్మ వైపే మొగ్గుతుంది. పట్టిక ఎంత పొడుగ్గా రాసినా ఏదో ఒకటి మిగిలిపోతుంది, అడగగలిగిన నోరు ఉంటే ఆ మిగిలినదానికీ సరిపోతుంది. తల్లిదండ్రులను పంపే పిల్లలు టికెట్‌తో పాటు ఈ సంగతి కూడా ఫోనులో చెప్పాలి: కాగితం ఫారం ఇచ్చే దేశంలో తినే వస్తువుల గడిలో "ఉంది" అని టిక్కు పెట్టాలి, ఫారం లేనిచోట అధికారి అడిగినప్పుడు నోటితో చెప్పాలి. అమెరికాలో, తెచ్చినవన్నీ ఇలా ముందే చూపించినవారి దగ్గర కుదరని వస్తువు ఉంటే దాన్ని తీసుకుంటారు, జరిమానా వేయరు.